ఒత్తు లేని కమాన్

అడాజన్‌కు ఇల్లు మారినవాళ్లకే మా గల్లీ మీద ప్రేమ ఎక్కువ. ఇక్కడే ఉండేవాళ్లకు అంత తీరిక లేదు. పొద్దున లేస్తే నీళ్ల బకెట్లు, పగలంతా సాంచెల, అంటే మరమగ్గాల, చప్పుడు, చీకటి పడితే కరోనా కర్ఫ్యూ. తాపీ నది దాటి, లిఫ్టు ఉన్న ఫ్లాటులో కాలు మీద కాలు వేసుకుని కూచున్న తర్వాతగానీ మనిషికి మురికికాలువ వాసన తియ్యగా గుర్తుకు రాదు.

మా గుడి కమిటీ అధ్యక్షుడు రఘుపతి అన్న అలాంటి ప్రేమికుల్లో మొదటివాడు. ముప్పై ఏళ్ల కిందట సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చినప్పుడు మా పక్క గదిలోనే చాప పరుచుకున్నాడు. మగ్గం మీద బతికిన ఇంట్లో పుట్టినవాడు, కరెంటు సాంచె దగ్గర కూలికి నిలబడ్డాడు. ఇప్పుడు సాంచెలు ఆయనవే. అడాజన్‌లో ఫ్లాటు, కింద కారు. లాక్‌డౌన్‌లో కార్ఖానా మూతపడి ఇంట్లో ఊరికే కూచోవలసి వచ్చేసరికి ఆయనకు మా గల్లీ ఒక్కసారిగా గుర్తుకొచ్చింది. ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టి దానికి 'యాది', అంటే జ్ఞాపకం, అని పేరు పెట్టాడు. అందరినీ అందులో చేర్చాడు. మమ్మల్ని ఎవరూ అడగలేదు.

మేము కిచిడీ పొట్లాల కోసం ముక్కుకు కొంగు చుట్టుకుని వరసలో నిలబడితే, నడుము దగ్గర ఫోన్ మోగేది. తీసి చూస్తే, ఒకే గదిలో పదిమంది సర్దుకుని పడుకున్న ఆ రోజులు ఎంత మధురం, మళ్లీ రావు కదా, అని ఉండేది. మా పక్క గదిలో అప్పటికీ పదిమందే ఉన్నారు. ఇద్దరికి జ్వరం కూడా ఉంది. వాళ్లకు అది మధురంగా ఉన్నట్టు నాకైతే కనిపించలేదు.

నా పేరు ప్రమీల. ఇంట్లో కూచుని చీరలకు లేసులు కుడతాను. మా ఇల్లు మార్కండేయ గుడికి ఎదురుగా ఉంటుంది కాబట్టి గుడి తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. అందువల్ల కమిటీ మీటింగులన్నిటికీ నాకు పిలుపు వస్తుంది. తలుపు తీయడానికి, చాయ్ పెట్టడానికి. అభిప్రాయం చెప్పడానికి మగవాళ్లు సరిపడా ఉన్నారు.

ఆ గుడి గేటు పక్కన బుచ్చవ్వ బజ్జీల బండి. మిరపకాయ బజ్జీలు, చలికాలంలో సర్వపిండి. బండి గుడికంటే పాతదంటే కమిటీవాళ్లకు కోపం వస్తుందిగానీ నిజం అదే. ముందు ఆమె పొయ్యి పెట్టింది. షిఫ్టు దిగినవాళ్లు పొయ్యి చుట్టూ చేరారు. కడుపు నిండాక వాళ్లకు దేవుడు గుర్తుకొచ్చాడు. చందాలు వేసుకుని గుడి కట్టారు.

బుచ్చవ్వ మహా తల్లి అని చెప్పను. నోరు మంచిది కాదు. చిల్లర లేదంటే తాతముత్తాతల దాకా పోయేది. అడాజన్ నుంచి ఎవరైనా ఏడాదికోసారి కారేసుకుని వస్తే నిన్నటి బజ్జీనే మళ్లీ నూనెలో ముంచి చేతిలో పెట్టేది. వాళ్లు కళ్లు మూసుకుని నములుతూ ఇలాంటిది ప్రపంచంలో ఎక్కడా దొరకదనేవాళ్లు. ఫోటో తీసుకుని, గ్రూపులో పెట్టి, వెళ్లిపోయేవాళ్లు. తాజాగా వేసినవి సాంచెల మీద పనిచేసే పిల్లలకు దక్కేవి.

ఆమెకు ఆ జాగా తప్ప వేరే ఆధారం లేదు. కొడుకు సూరత్ చివర ఇచ్ఛాపూర్‌లో ఏదో ఫ్యాక్టరీలో పని. కరోనా వచ్చాక జీతం సగం చేశారు. ఒక్క గదిలో కొడుకు, కోడలు, పిల్లలు. రమ్మంటే వెళ్లి ఆ గదిలో ఒక మూల కూచోవాలి. కోడలు పెట్టినప్పుడు తినాలి. గేటు పక్కన బండి నిలబడినంత కాలం ఆ అవసరం లేదు. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పుకునేది కాదుగానీ గల్లీలో అందరికీ తెలుసు.

గుళ్లు మళ్లీ తెరిచారు. సాంచెలు ఒక్కొక్కటే తిరగడం మొదలుపెట్టాయి. ఆ మరుసటి ఏడు మాఘమాసంలో మార్కండేయ జయంతి వస్తుందనగా రఘుపతి అన్న మీటింగు పెట్టాడు. మాస్కు గడ్డం కిందికి లాగి, ఇన్నేళ్లయినా మన గుడికి ఒక కమాన్ లేదు, చూసినవాళ్లు మనల్ని ఏమనుకుంటారు, అని బాధపడ్డాడు. మా ఊళ్లవైపు ఊరి మొదట్లో, గుడి ముందర కట్టే పెద్ద స్వాగత ద్వారాన్ని కమాన్ అంటాం. పోయిన రోజుల యాదికి ఒక గుర్తు ఉండాలన్నాడు. అందరూ తలూపారు. రెండు స్తంభాలు కావాలి. ఒకటి నల్లా పక్కన. రెండోది సరిగ్గా బుచ్చవ్వ బండి నిలబడే చోట.

ఆ మాట చెప్పడానికి ఆయన స్వయంగా బండి దగ్గరికి వచ్చాడు. నేను వాకిట్లో లేసు కుడుతూ విన్నాను. మంచి మాటలే మాట్లాడాడు. ఆమె చేతి బజ్జీలు తిని ఎదిగినవాళ్లం, ఆమెను మరిచిపోతే మాకు పుట్టగతులుండవు అన్నాడు. చివరికి అసలు సంగతికి వచ్చాడు.

"కమాన్ మీద నీ బండి బొమ్మ చెక్కిస్తం అవ్వా. నువ్వు బజ్జీలు ఏసుకుంట కూసున్నట్టు. తరతరాలు ఉంటది. నువ్వు జర ఎనుక గల్లీలకు జరుగు."

బుచ్చవ్వ జల్లెడగంటె నూనెలోంచి తీయకుండానే అడిగింది. "బొమ్మ బజ్జీలు ఏస్తదా?"

రఘుపతి అన్న నవ్వాడు. అవ్వకు ఇంకా హాస్యం పోలేదని మెచ్చుకున్నాడు. బొమ్మ చెక్కేవాడికి పంపాలని ఆమె ఫోటో ఒకటి తీసుకుని పోయాడు.

ఆ ఫోటో సాయంత్రానికి గ్రూపులోకి వచ్చింది. చుట్టూ పువ్వుల చట్రం. కింద పెద్ద అక్షరాలతో 'యాదిలో మన బుచ్చవ్వ' అని. అసలే అందరి ఫోన్లూ చావు కబుర్లతో నిండి ఉన్న కాలం. ఎవరూ రెండోసారి చదవలేదు. దండాలు పెట్టే చేతులు వరసగా రావడం మొదలయ్యాయి. ఓం శాంతి. ఆత్మకు శాంతి కలగాలి. ఎంత మంచి మనిషి. ఎప్పుడూ నవ్వుతూ పలకరించేది. నవ్వుతూ పలకరించేదన్న చోట నాకు పొలమారింది. బుచ్చవ్వ బతికే ఉంది, ఇప్పుడే నన్ను తిట్టింది, అని నేను గ్రూపులో రాశాను. ఇద్దరు మాత్రం సంతోషం అన్నారు. మిగతావాళ్లు అప్పటికే బాధపడిపోయారు, వెనక్కి తీసుకోలేకపోయారు.

మర్నాడు బార్డోలీ నుంచి బుచ్చవ్వ చెల్లెలు చిన్నవ్వ బస్సెక్కి ఏడుస్తూ దిగింది. గల్లీ మలుపు దగ్గరే శోకం ఎత్తుకుంది. బండి దగ్గరికి వచ్చేసరికి అక్క మిరపకాయలు చీరుతూ కనిపించింది. కాసేపు ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకున్నారు. తర్వాత చిన్నవ్వ అక్కడే పీట వేసుకుని కూచుని, ఏడ్చిన అలసట తీరేదాకా బజ్జీలు తిని సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది.

ఇక కమాన్‌కు దాత కావాలి. 'యాది' గ్రూపులో ప్రేమ చాలా ఉందిగానీ ఇచ్చే చేయి ఒక్కటీ లేచింది కాదు. అందుకని రఘుపతి అన్న ధన్‌సుఖ్ సేఠ్‌కు ఫోన్ చేశాడు. ఆ సేఠ్‌కు బట్టల మార్కెట్లో దుకాణం. రఘుపతి అన్న సాంచెల మీద నడిచేదంతా ఆయన ఇచ్చే నూలే. ఆయన కాదంటే సాంచెలు ఆగుతాయి. తనకు సేఠ్ దగ్గర ఎంత చనువుందో కమిటీకి తెలియాలని అన్న స్పీకరు పెట్టి మాట్లాడాడు. నేను చాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉన్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మావాళ్ల నాలుకకు ఒత్తులు బరువు. భోజనం బోజనమే, ఖాళీ కాలీయే. సూరత్‌లో పొద్దున్నే ప్రతి మూలా అమ్మే ఖమణ్ కూడా, శనగపిండిని ఆవిరి మీద ఉడికించి ఆవాల పోపు వేసిన ఆ మెత్తటి పసుపుపచ్చ ముక్కలు కూడా, మావాళ్లకు కమానే. సాంచెలు పెట్టినప్పటి నుంచీ రఘుపతి అన్న సేఠ్ దుకాణానికి వెళ్లినప్పుడల్లా గద్దె మీద కూచుని కమాన్ తెప్పించమనేవాడు. సేఠ్ నవ్వుకుంటూ ఖమణ్ తెప్పించేవాడు. కమాన్ అంటే ద్వారమని సేఠ్‌కు తెలియక కాదు. రఘుపతి నోట ఆ మాట వస్తే ప్లేటు తెప్పించడం ఆయనకు అలవాటయిపోయింది.

"సేఠ్, జయంతి హై. మందిర్ కే గేట్ పే కమాన్ హోనా," అన్నాడు అన్న.

 అవతల సేఠ్ గొంతు మెత్తబడింది. ఈ కష్టకాలంలో మీవాళ్ల కోసం ఇంత చిన్న కోరికా, తప్పకుండా, ఎన్ని కావాలి, అని అడిగాడు. ఒకటే చాలు సేఠ్, కాని చాలా పెద్దది కావాలి, నలుగురూ చూసి యాది పెట్టుకోవాలి, అన్నాడు అన్న. పసుపుపచ్చదేనా అని అడిగాడు సేఠ్. గుడి కదా, పసుపే శుభమన్నాడు అన్న. చట్నీ కూడా పెట్టించాలా అన్నాడు సేఠ్. అన్న దాన్ని ఛత్రీ అనుకున్నాడు. కమిటీవైపు తిరిగి, పైన గొడుగు కూడా కట్టిస్తాడట, అని కళ్లెగరేశాడు. తొందరపడి నా చేతిలో గ్లాసు కూడా తీసుకోలేదు.

చివర్లో సేఠ్, లారీ పంపిస్తాను, అది గేటు దగ్గరే నిలబడుతుంది, అన్నాడు. సూరత్‌లో లారీ అంటే తోపుడుబండి. ఆ సంగతి మా గల్లీలో పసిపిల్లలకు కూడా తెలుసు. కాని రఘుపతి అన్నకు ఆ క్షణాన రాళ్లు, సిమెంటు మోసుకొచ్చే పదహారు చక్రాల లారీయే కనిపించింది. కమిటీ అంతా చప్పట్లు కొట్టింది.

నాకు అర్థమైపోయింది. నోరు తెరవలేదు. నన్ను పిలిచింది చాయ్ పెట్టడానికి, చాయ్ పెట్టాను. ఇంటికి వచ్చి తలుపేసుకుని కడుపునొప్పి వచ్చేదాకా నవ్వాను.

కాని ఆ నవ్వు రెండు రోజులు కూడా నిలవలేదు. స్తంభం కోసం గొయ్యి తవ్వడానికి మనుషులు వచ్చారు. బుచ్చవ్వ బండిని వాళ్లే తోసి వెనక గల్లీలో, కాలువ పక్కన పెట్టారు. అటువైపు షిఫ్టు దారి లేదు. మనిషి రాడు. మొదటి రోజు ఆమె పిండి కలిపి పొద్దుగూకేదాకా కూచుంది. కలిపిన పిండి పులిసిపోయింది. రెండో రోజు పిండి కలపలేదు. మూడో రోజు చూస్తే గిన్నెలు సంచిలో సర్దుతోంది. కొడుకు మర్నాడే వచ్చి ఇచ్ఛాపూర్ తీసుకుపోతాడని చెప్పింది. ఎప్పుడూ తిట్టే మనిషి ఆ మాట మెల్లగా చెప్పింది. నాకు ఏడుపు వచ్చింది. సేఠ్ పంపేదేమిటో చెబుదామనుకున్నానుగానీ, ఒక ఖమణ్ ముక్కతో ఈమెకేం ఒరుగుతుందని ఊరుకున్నాను. జయంతి దాకా ఆగు అవ్వా, పండగ నాడు ఎవరైనా ఇల్లు విడుస్తారా, ఆదివారం రమ్మను, అని మాత్రం అన్నాను.

జయంతి రోజున గుడి ముందు గొయ్యి చుట్టూ ముగ్గు వేశారు. అడాజన్ నుంచి కార్లు వచ్చాయి. ఆడవాళ్లు పట్టుచీరలకు సరిపోయే మాస్కులు కుట్టించుకుని కట్టుకొచ్చారు. మనిషికీ మనిషికీ మధ్య దూరం ఉండాలని మైకులో చెబుతూనే ఉన్నారు, మైకు చుట్టూ ఒకరి మీద ఒకరు పడి వింటూనే ఉన్నారు. పంతులు పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పళ్లెంలో పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. లారీ మలుపు తిరగడానికి ఇబ్బంది కాకుండా గల్లీలో స్కూటర్లన్నీ తీయించారు.

వచ్చింది. ఇద్దరు మనుషులు తోసుకుంటూ తెచ్చారు. కొత్త తోపుడుబండి, నీలం రంగు, చక్రాలకు పూలదండలు. వెనకే తెల్లచొక్కా వేసుకుని ధన్‌సుఖ్ సేఠ్ నడిచి వస్తున్నాడు. బండి మీద, ఈ చివర నుంచి ఆ చివర దాకా, మంచమంత ఖమణ్. ఒకటే ముక్క. పసుపుపచ్చగా నిగనిగలాడుతోంది. పైన ఆవాలు, కొత్తిమీర. పక్కన రెండు బకెట్ల నిండా చట్నీ.

 పంతులు పళ్లెం పట్టుకుని రఘుపతి అన్నవైపు చూశాడు. బొట్టు ఎక్కడ పెట్టాలో ఆయనకు తెలియలేదు. చివరికి బండి చక్రానికి పెట్టి కొబ్బరికాయ కొట్టాడు.

సేఠ్ మైకు తీసుకున్నాడు. ఆయనకు కళ్లు చెమర్చాయి, అది నటన కాదు. ఈ ఏడాది తన దగ్గరికి వచ్చినవాళ్లందరూ సిమెంటు అడిగారు, పాలరాయి అడిగారు, పేరు చెక్కించమని అడిగారు, ఒక్క రఘుపతిభాయ్ మాత్రమే ఆకలితో ఉన్న తనవాళ్లకు తిండి అడిగాడు, అన్నాడు. రఘుపతి అన్న ముఖంలో రంగులు మారుతున్నాయి. అది కాదని చెబితే సేఠ్ చిన్నబోతాడు. సేఠ్ చిన్నబోతే నూలు ఆగుతుంది. అన్న మైకు అందుకుని, అన్నదానాన్ని మించింది లేదని తాను మొదటి నుంచీ కమిటీకి చెబుతూనే ఉన్నానన్నాడు. కమిటీ మళ్లీ చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత సేఠ్ ఇంకో మాట అన్నాడు. ఈ బండి ఇక గుడిదే. ఎవరైనా లేనివాళ్లకు ఇవ్వండి, ఇక్కడే గేటు పక్కన నిలబెట్టుకుని బతుకుతారు, నేను ఎప్పుడు దర్శనానికి వచ్చినా అది ఇక్కడ కనిపించాలి. అలాంటివాళ్లు ఎవరైనా ఉన్నారా, అని అడిగాడు.

కమిటీలో ప్రతివాడూ ఇంకొకడి ముఖం చూశాడు. రఘుపతి అన్న గుడి మెట్ల వైపు చూశాడు. అభిప్రాయం చెప్పడానికి నన్ను ఎవరూ పిలవలేదని నాకు తెలుసు.

"ఉన్నది సేఠ్. ఏక్ అవ్వ హై. ఇసీ జగా పే థీ," అన్నాను గట్టిగా.

నేనే వెనక గల్లీకి పరుగెత్తాను. బుచ్చవ్వ సంచి ముందు పెట్టుకుని తన గది గడపలో కూచుని ఉంది. జరిగిందంతా చెప్పాను. ఎగిరి గంతేస్తుందనుకున్నాను. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, ముందు ఆ గొయ్యి సంగతేంటని అడిగింది.

"మొదలు ఆ బొంద పూడ్సుమను. బొంద ఒడ్డున కూసొని నేను పొయ్యి పెట్ట."

బొంద అంటే మావైపు గొయ్యీ, శవాన్ని పెట్టే గొయ్యీ కూడా. ఆ మాటను ఉన్నదున్నట్టు అందరి ముందూ చెప్పాను. సేఠ్ నిలబడి ఎదురుచూస్తున్నాడు. తవ్వినవాళ్లు కూలి తీసుకుని ఎప్పుడో వెళ్లిపోయారు. కాసేపటికి రఘుపతి అన్న పట్టుపంచె ఎగగట్టి పార అందుకున్నాడు. మిగతా కమిటీ కూడా చేతులతో మట్టి తోసింది. గ్రూపులో ఆ ఫోటో 'అధ్యక్షుల వారి శ్రమదానం' అని వచ్చింది. దానికి ఎన్ని దండాలు వచ్చాయో నేను లెక్కపెట్టలేదు.

గొయ్యి నిండాక బుచ్చవ్వ వచ్చింది. ఎవరినీ పలకరించలేదు. కత్తి అందుకుని మంచమంత ఖమణ్‌ను కోసి ఆకుల్లో పెట్టింది. ముందు సాంచెల పిల్లలకు, తర్వాత ఆడవాళ్లకు, చివరికి కార్లలో వచ్చినవాళ్లకు. వాళ్లు తింటూ, ఎంతైనా మన బజ్జీకి ఇది సాటి రాదన్నారు. వేసి ఇమ్మని మాత్రం ఎవరూ అడగలేదు, దూరం వెళ్లాలి, ట్రాఫిక్ అని తొందరపడ్డారు.

ఆదివారం కొడుకు వచ్చాడు. ఒక పొట్లం బజ్జీలు కట్టించుకుని ఒక్కడే వెళ్లాడు.

తర్వాత ఒక సాయంత్రం రఘుపతి అన్న వచ్చాడు. కమిటీ లేదు, కెమెరా లేదు, ఫోన్ కూడా చేతిలో లేదు. కారు దూరంగా ఆపి షిఫ్టు దిగిన పిల్లల వెనక వరసలో నిలబడ్డాడు. మనిషి చిక్కిపోయినట్టు కనిపించాడు. సేఠ్ ఆ నెల నూలు సగమే ఇచ్చాడట, మార్కెట్ అలా ఉంది. కొత్త మట్టిలో బండి చక్రం కుంగుతుంటే బుచ్చవ్వ కింద ఇటుక పెట్టించి, ఆయన వంతు రాగానే మూకుడులోంచి అప్పుడే తీసిన బజ్జీలు ఆకులో పెట్టి ఇచ్చింది. తాజావి. నేను చూశాను.

ఆయన ఒకటి కొరికాడు. మెల్లగా నమిలాడు. ఇంకొకటి కొరికాడు. ఆయన ముఖంలో నిజంగానే ఏదో పోగొట్టుకున్న బాధ కనిపించింది. నాకు ఆయన మీద మొదటిసారి జాలేసింది.

"అవ్వా, అప్పటి రుచి లేదే," అన్నాడు.

బుచ్చవ్వ కోప్పడలేదు. మిరపకాయను పిండిలో ముంచుతూ, చాలా మామూలుగా చెప్పింది.

"అప్పుడు నీకు ఆకలుండె బిడ్డా."

ఆయన ఆకు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వెనక ఉన్న పిల్లలు, పొద్దుటి నుంచి ఏమీ తినలేదు కాకా, జర జరుగు అన్నారు. ఆయన పక్కకు జరిగి వాళ్లకు దారి ఇచ్చాడు.